అమ్మ కూర్చుంటేనే వెలిగే దీపం

మా కారుకు జబ్బు చేసిన ఏడాదే మా అమ్మ కంటికీ జబ్బు చేసింది. రెండింటి వెనకా తిరగలేక నా తల ప్రాణం తోకకొచ్చింది. కారుకు వచ్చింది చిన్న జబ్బే. స్పీడు చూపించే ముల్లు పక్కన ఒక ఎర్రదీపం వెలిగేది. అందులో ఒక మనిషి బొమ్మ, కూర్చుని, ఎదురుగా పెద్ద బంతి పెట్టుకుని ఉంటాడు. ఎయిర్‌బ్యాగ్ దీపం అంటారు దాన్ని. ఆ బంతి మనిషిని నేను ఎన్ని తిట్లు తిట్టానో మా ఇంటి గోడలకు తెలుసు.

కారు పాతది. మా ఆయన ఆఫీసులో ఒకాయన బదిలీ మీద వెళుతూ అమ్మితే తీసుకున్నాం. కడప ఎండకు పైకప్పు రంగు వెలిసి సున్నం కొట్టినట్టయింది. ఇంజిన్ మాత్రం మా ఆయన లాంటిదే, ఏం పని చెప్పినా కిక్కురుమనదు. కొన్నప్పటి నుంచీ అందులో ముందు ఎడమ సీటు మా అమ్మది. నేను వెనక కూర్చుంటాను. పెళ్లాన్ని వెనక్కి తోసి అత్తను పక్కన కూర్చోబెట్టుకున్న అల్లుడు జిల్లా మొత్తంలో ఈయనొక్కడే అని నేను ఎగతాళి చేస్తుంటాను. ఆయన నవ్వి ఊరుకుంటాడు. అసలు సంగతేమిటంటే, వెనక కూర్చుంటే అమ్మ మైదుకూరు దాటకముందే వాంతి చేసుకుంటుంది.

అమ్మది ఒంటిమిట్ట దగ్గర మగ్గాల ఊరు. ఊహ తెలిసినప్పటి నుంచీ నేతలోనే బతికిన మనిషి. నాన్న పోయాక మా ఇంటికి వస్తూ రాట్నం కూడా వెంట తెచ్చుకుంది. వరండాలో కూర్చుని, ఊళ్లో మా తమ్ముడి మగ్గానికి నూలు కండెలు చుట్టి పంపిస్తుంటుంది. బొడ్లో ఎప్పుడూ ఒక దారపు ఉండ ఉంటుంది. మల్లెతీగ వాలినా, సంచి పిడి ఊడినా, గడియ సరిగ్గా పడకపోయినా ఆమె చెయ్యి ఆ ఉండ మీదికి పోతుంది. మా ఇంట్లో వేలాడే వస్తువంటూ లేదు, అన్నీ కట్టేసింది.

షుగరు ఆమె ఎడమకన్నును ఎప్పుడో తినేసింది. ఆ ఏడాది కుడికన్నులో కూడా మసక మొదలైంది. కడపలో చూసిన డాక్టరు కర్నూలు ఆసుపత్రికి రాసిచ్చాడు. అక్కడి డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి, కంటి వెనక పొరలో నీరు చేరిందనీ, నెలనెలా కంట్లోకి సూదిమందు వెయ్యాలనీ చెప్పింది. వరసగా పడితే ఉన్న చూపు నిలుస్తుంది, కొంత పెరగొచ్చు కూడా. "మధ్యలో ఆపితే పోయిన చూపు మళ్లీ రాదమ్మా" అని నా వైపు తిరిగి మెల్లగా అంది.

మొదటి సూది ఆరోజే వేశారు. అమ్మ కంటికి కట్టుతో బయటికి వచ్చింది. నొప్పిగా ఉందా అని అడిగాను.

"ఏముండాది, చీమ కుట్టినట్ల" అంది.

మా అమ్మ కదా, అంతే అయివుంటుందిలే అనుకున్నాను. మగ్గం గుంటలోకి పాము దూరితే కర్రతో పక్కకు నెట్టి మళ్లీ నేతకు కూర్చున్న మనిషి ఆమె.

దీపం వెలిగింది రెండో సూదికి బయలుదేరిన పొద్దున. పెరుగన్నం కట్టుకున్నాం, నీళ్లసీసాలు పెట్టుకున్నాం. అమ్మ తన సీట్లో కూర్చుని, కింద ఉన్న పిడి పైకి లాగి, కాళ్లు చాపుకోవడానికి సీటును వెనక్కి జరుపుకుంది. మా ఆయన తాళం తిప్పాడు. మిగతా దీపాలన్నీ వెలిగి ఆరిపోయాయి. బంతి మనిషి ఆరలేదు.

మా ఆయనకు కారుతో పాటు వచ్చిన పుస్తకం అంటే మహా గురి. అది తీసి, కళ్లజోడు పెట్టుకుని, వేలితో వరస పట్టుకుంటూ చదివాడు. చదివి ముఖం వేలాడేశాడు. ఆ దీపం వెలుగుతుంటే గుద్దుకున్నప్పుడు గాలిసంచి తెరుచుకోకపోవచ్చట. ముందు సీట్లో ఎవరినీ కూర్చోబెట్టొద్దట.

"అత్తను వెనక కూర్చోమను" అన్నాడు.

"నాయనా, నీ కారు కడుక్కునే ఓపిక నీకుంటే నాకేం" అంది అమ్మ.

పోనీ బాడుగ కారు మాట్లాడతానన్నాను. పరాయివాళ్ల కార్లో వాంతి చేసుకుంటే మర్యాద కాదంది. బస్సు అన్నాను. నడుము అంది. ఇంతలో ఆమె సీటు ముందుకు జరుపుకుని దిగింది. మా ఆయన ఎందుకో మళ్లీ తాళం తిప్పి, "ఇప్పుడు పోయిందే" అన్నాడు. పోయినా సరే, వచ్చిపోయే దీపాన్ని నమ్మి నాపరాళ్ల లారీల మధ్య అంతదూరం పోలేనని తేల్చేశాడు. నేను ఆసుపత్రికి ఫోన్ చేసి, బతిమాలి, ఆ పైవారానికి మార్పించాను. అమ్మ లోపలికి పోయి పెరుగన్నం మూట విప్పుకుని తినేసింది.

కార్ల కరెంటు పని చేసే ఆయన దుకాణం దర్గాకు పోయే దారిలో ఉంది. మాటకారి. చేతిలో పలకంత యంత్రం పట్టుకుని, దాని తీగను స్టీరింగు కిందున్న రంధ్రంలో గుచ్చి, డాక్టరు స్టెతస్కోపు పెట్టినప్పటి ముఖం పెడతాడు. కానీ మా కారు పాతది కాబట్టి ఆ యంత్రానికి దాని గోడు సగమే అర్థమయ్యేది. ఎయిర్‌బ్యాగ్ తీగల్లో ఎక్కడో తెంపు ఉందని చెప్పింది గానీ, ఎక్కడో చెప్పలేదు.

"పాత బండి గదక్కా, దానికి ఇంతకన్నా చెప్పనీక రాదు" అన్నాడాయన. తర్వాత ముందు అద్దం కింద చూసి నాలుక కరుచుకున్నాడు. గాలిసంచి మూత మీద సరిగ్గా నడుమన కోదండరాముడి బొమ్మ అంటించి ఉంది. కారు కొన్నరోజు పూజ చేయించి అమ్మే అంటించింది. "సంచి తెరుచుకుంటే సామి వచ్చి ఎదురుగా కూర్చున్నోళ్ల నోట్లో పడతాడు సార్. తీయండి ముందు."

మా ఆయన దారం పెట్టి కోసి ఎంతో భక్తిగా రాముణ్ణి పెకలించి పక్కకు మార్చాడు. ఇంటికి వచ్చాక అమ్మ ఆయనతో పూటంతా మాట్లాడలేదు. దీపం రాముడి వల్ల కాదని మాత్రం తేలింది, ఎందుకంటే బొమ్మ తీయకముందూ, తీశాకా, ఆ దుకాణంలో అది ఒక్కసారి కూడా వెలగలేదు. కరెంటాయన స్టీరింగు కదిలించి చూశాడు, గుంతల్లో తిప్పి చూశాడు. పాత కార్లలో స్టీరింగు కింద చుట్ట చుట్టుకుని ఉండే పట్టీ తెగుతుందనీ, అయినా వెలిగితే గానీ విప్పననీ చెప్పి, యంత్రంలో ఉన్న పాత తప్పును చెరిపేసి పంపించాడు.

పైవారం పొద్దున కారెక్కాం. అమ్మ కూర్చుంది, సీటు జరుపుకుంది, మా ఆయన తాళం తిప్పాడు. బంతి మనిషి ప్రత్యక్షం.

ఆ పూట నాకు నిజంగా ఒళ్లు మండిపోయింది. ఎందుకంటే ఆ వారంలోనే నేను చూడకూడనివి చూశాను. అమ్మ గ్లాసు పక్కన మజ్జిగ పోసింది. ఎర్రకండె అడిగితే వక్కరంగు కండె చేతికిచ్చింది. రంగు చూసి నూలు ఏ అద్దకందారుదో చెప్పగలిగిన మనిషి. నేను కండె మార్చుకుని వంటింట్లోకి పోయి కాసేపు కొళాయి తిప్పి నిలబడ్డాను.

"ఆ దీపం మీద ఇంత నల్లటేపు అతికించి పోదాం పద" అన్నాను మా ఆయనతో.

"గుద్దుకుంటే మీ అమ్మ గతేంది?"

"గుద్దుకోకపోతే మా అమ్మ కంటి గతేంది?"

ఆయన తాళం వెనక్కి తిప్పి ఇంజిన్ ఆపాడు. అమ్మ మాత్రం మా ఇద్దరి మధ్యా కూర్చుని, "అల్లుడు చెప్పేది కూడా నిజమే గదే" అని చల్లగా ఆయన పక్షం చేరింది. రాముణ్ణి పీకినందుకు పూటంతా మాట్లాడని మనిషి. నాకు అప్పుడు అనుమానం రావలసింది, కానీ కోపంలో ఉన్నదానికి అనుమానం ఎక్కడినుంచి వస్తుంది? ఆ ప్రయాణమూ ఆగింది.

ఈసారి కారును దుకాణానికి తీసుకుపోలేదు. నేనే ఆయనకు ఫోన్ చేశాను. "అప్పా, నీ దగ్గర అది వెలగదు. మా ఇంటి ముందరే వెలుగుతాంది. మేము బయలుదేరే పొద్దుటికి నువ్వే ఈడికి రా" అన్నాను. పాపం, చెప్పినట్టే మళ్లీ తారీఖు దొరికిన రోజు పొద్దున్నే యంత్రం సంకలో పెట్టుకుని వచ్చాడు.

అమ్మ ఆయన్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. "ఈయన యాంటికి వచ్చినాడు?" అంది. కూర్చోమంటే కూర్చుంది. సీటు జరుపుకుంది. దీపం వెలిగింది.

"అవ్వా, దిగొద్దు. అట్లే కూర్చో" అన్నాడాయన.

అమ్మకు వెంటనే లోపల ఏదో పని గుర్తొచ్చింది. పొయ్యి మీద పాలు పెట్టానంది. పాలు నేనెప్పుడో దించేశానన్నాను. మాత్ర మరిచిపోయానంది. సంచిలో ఉందన్నాను. ఇవేవీ చెవిన వేసుకోకుండా సీటు ముందుకు జరుపుకుని దిగి చక్కా పోయింది. కరెంటాయన మళ్లీ తాళం తిప్పాడు. దీపం లేదు. ఆయన సీటు వైపు చూశాడు, అమ్మ పోయిన వైపు చూశాడు. పిడి లాగి సీటును వెనక్కి నెట్టి మళ్లీ తాళం తిప్పాడు. వెలిగింది. ముందుకు లాగి తిప్పాడు. పోయింది.

"దొరికినావు" అన్నాడు కారుతో.

అసలు పని అప్పుడు మొదలైంది. ముందు బ్యాటరీ తీగ విప్పాడు. లోపల కరెంటు మిగిలి ఉంటుందనీ, అది పోయేదాకా ఎయిర్‌బ్యాగ్ తీగలు ముట్టుకుంటే సంచి ముఖం మీదే పేలుతుందనీ చెప్పి అందరినీ దూరంగా నిలబెట్టాడు. నేను టీ పెట్టి ఇచ్చాను. టీ తాగి, నేల మీద పడుకుని, టార్చి నోట్లో పెట్టుకుని సీటు కిందికి దూరాడు. ఆ తీగలకు పసుపుపచ్చ తొడుగు ఉంటుందట, ఎవరూ పొరపాటున చెయ్యి పెట్టకూడదని. కాసేపటికి లోపలి నుంచి, "సార్, మీ ఇంట్లో మగ్గం ఉండాదా?" అని వినిపించింది.

పసుపు తీగ సీటు జరిగే పట్టాకు కట్టేసి ఉంది. ఎర్రటి నూలుదారంతో, వదులన్నది లేకుండా. సీటు ముందుకు ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది. వెనక్కి జరిగితే తీగ బిగిసి, తీగలు కలిసే చోట రవ్వంత ఊడుతుంది. అంతే, దీపం. ఆయన దారం తుంచి నా చేతిలో పెట్టాడు. తెగిన పోగును మగ్గం మీద అతికేటప్పుడు వేసే ముడి అది. కొసలు కనబడవు, లాగేకొద్దీ బిగుస్తుంది. ఆ ముడి మా ఇంట్లో ఎవరు వేస్తారో నాకు తెలుసు.

అమ్మ పెరట్లో కరివేపచెట్టు దగ్గర అటు తిరిగి నిలబడి ఉంది. దారం చూపించాను.

"ఇది నువ్వు కట్టిందేనా?"

"నేనే. మొదటి సూది వేయించుకొని వస్తాంటిమి గదా, ఆపొద్దు సీటు జరుపుకోకుండా ముందరికే కూర్చోనుంటి, ఆళ్లగడ్డలో మీరు టీకి దిగినప్పుడు చెప్పు యాడనో పడిపోతే కింద తడుముకుంటాంటి. చేతికి తగిలింది. వేలాడతాంది. వేలాడతాంటే ఎట్ల ఊరుకునేది?"

"మరి సీటు వెనక్కి జరిపితే దీపం వస్తాదని తెలుసా నీకు?"

అమ్మ కరివేపాకు ఒక్కొక్కటే తుంచింది.

"మొదట తెల్దు, ఒట్టు. నేను దిగినాక అల్లుడు తాళం తిప్పి పోయిందన్నాడు సూడు, అప్పుడు తెలిసింది. యాడ లాగితే యాడ బిగుస్తాదో నాకు ఒకరు చెప్పల్లనా?"

"తెలిసి కూడా రెండోసారి..."

"ఈపొద్దు కూడా" అని సరిదిద్దింది.

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. మళ్లీ మళ్లీ ఆసుపత్రిని బతిమాలుకున్నది నేను, మొగుడితో పోట్లాడింది నేను. "నీకు కన్ను వద్దా?" అని అరిచాను. పక్కింటివాళ్లు గోడ మీదుగా చూసేంత గట్టిగా అరిచాను.

"కావల్ల గాబట్టే" అంది అమ్మ.

ఆమె గొంతు అట్లా ఉండగా నేనెప్పుడూ వినలేదు. "కన్ను మూసుకోనీక లేకుండా రెప్పలకు ఏందో తగిలిస్తారే. సూది వచ్చేది కనపడతాది. నల్లగా, మీది మీదికి వస్తాది. నాకు ఉండేది ఇదొక్కటే గదా. ఆయమ్మ చెయ్యి రవ్వంత వణికితే? ఒక్కపారిగా అంతా చీకటైపోతే? పోయేదేదో దానంతటది మెల్లగా పోనీ, అన్ని దినాలైనా మిమ్మల్ని చూస్తాంటా అనుకున్యా."

"బయమని చెప్పొచ్చు గదమా."

"ఎవరికి చెప్పేది? నీకు బయమైతే నాకు చెప్తావు. నాకు బయమైతే ఎవరికి చెప్పేది?"

నాకు ఏడుపొచ్చింది. కోపం ఎటు పోయిందో తెలియదు. ఇంత వయసొచ్చి, పెరట్లో నిలబడి చిన్నపిల్లలాగా ఏడ్చాను. అమ్మే కొంగుతో నా ముఖం తుడిచింది. "నాకే చెప్పు. ఇప్పటి నుంచి నాకు చెప్పు" అన్నాను. సరే అంది. అని, వెంటనే, "అల్లునికి మాత్రం చెప్పొద్దు" అని కూడా అంది.

మేము ఇంటి ముందుకు వచ్చేసరికి కరెంటాయన తీగకు కావలసినంత వదులు వదిలి, సీటు అడుగున ప్లాస్టిక్ పట్టీ వేసి, తప్పు చెరిపేసి, సీటును ముందుకూ వెనక్కూ జరిపి చూస్తున్నాడు. దీపం లేదు. ఇంతకీ ఏమైందని మా ఆయన అడిగాడు.

"ఎలక. దారం లాక్కొచ్చి తీగకు చుట్టింది" అన్నాను.

కరెంటాయన నన్ను చూశాడు, అమ్మను చూశాడు. యంత్రం సంచిలో పెట్టుకుంటూ, "శానా పనిమంతురాలైన ఎలకలే సార్" అన్నాడు. అమ్మ ముసిముసిగా నవ్వుతూ ఆయనకు ఇంకో గ్లాసు టీ తెచ్చి ఇచ్చింది.

ఆ పొద్దున్నే బయలుదేరాం. చాగలమర్రి దాటాక అమ్మ ఉన్నట్టుండి, "బయమైతాంది" అని బయటికే అంది. నాకు చెప్తానన్న మాట నిలబెట్టుకుంది. మా ఆయన అది తన డ్రైవింగు గురించే అనుకుని, "మెల్లగా పోతాలే అత్తా" అని అక్కడి నుంచి నంద్యాల మీదుగా కర్నూలు దాకా ఎడ్లబండి నడిపినట్టు నడిపాడు. ట్రాక్టర్లు కూడా మమ్మల్ని దాటుకుని పోయాయి. నేను వెనక సీట్లో పళ్లు నూరుకున్నాను.

ఆసుపత్రిలో నేనే డాక్టరమ్మకు సంగతి చెప్పాను. ఆమె నవ్వలేదు. నన్ను టోపీ పెట్టుకుని తలాపున నిలబడనిచ్చింది. చేసే ప్రతి పనినీ ముందు చెప్పి చేసింది. ఇప్పుడు చుక్కలు వేస్తున్నా, ఇప్పుడు పైకి చూడు, ఇప్పుడు కొంచెం ఒత్తుకుంటుంది. అమ్మ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజులు లోపలికి దిగాయి. బయటికి వచ్చాక, ఎట్లుంది అని అడిగాను.

"తేలు కుట్టినట్ల ఉండాది. పోయినసారి కూడా అట్లే ఉండె" అంది.

ఆ తర్వాత ఏ నెలా తప్పలేదు. ప్రతిసారీ భయమంటుంది, ప్రతిసారీ వస్తుంది. దారిలో భయం మొదలయ్యే చోటు కూడా చెప్పేది, మొదట చాగలమర్రి, తర్వాత ఆళ్లగడ్డ, తర్వాత తర్వాత నంద్యాల దాటాకే. చూపు పెరుగుతుందో లేదో అడగడానికి నాకే ధైర్యం చాలేది కాదు. అక్షరాల పలక మీద పై వరస నుంచి కింది వరసకు దిగుతోందని డాక్టరమ్మ చెప్పినా, ఇంటికి వచ్చి మజ్జిగ గ్లాసును దొంగచూపులు చూసేదాన్ని.

ఎండలు తగ్గాక ఒక ఆదివారం పొద్దున వరండాలో చిక్కుడుకాయలు తుంచుతున్నాను. అమ్మ రాట్నం ముందు కూర్చుని ఉంది. రాట్నం ఆగిన చప్పుడు వినిపించి తలెత్తాను. నన్నే చూస్తోంది. మామూలుగా గొంతు వచ్చిన వైపు చూసే చూపు కాదు, ముఖం మీద అక్కడక్కడా ఆగుతున్న చూపు.

"ఏమే" అంది. "తల ఎప్పుడు నెరిసింది నీకు?"

"శానా దినాలయింది మా."

"ఇంత తెల్లగా అయిందే. నాకు ఒకరూ చెప్పలేదే."

ముసలిదాన్నయ్యానని ఎవరైనా అంటే ఊరుకునే మనిషిని కాను నేను. ఆరోజు మాత్రం ఆ మాటకు పొంగిపోయాను. చిక్కుడుకాయల చేట పక్కకు తోసేసి మా ఆయన్ని పిలవబోయాను, ఈ సంగతి చెప్పాలని లేవబోయాను.

"యాడికి పోతాండావు?" అంది అమ్మ. "కూర్చో ఈడ. ఇంకా దగ్గరికి రా. సూడనీ."